ఈశ్వరయ్య మూల

మా ముఠాలో ఎనిమిది మందిమి. విమానాశ్రయం కోసం మా ఊరు లేచిపోయింది. విమానాలు మొదలయ్యాక ఎనిమిది ఇళ్ల నుంచి ఎనిమిది మందిమి శంషాబాద్‌లో ఒక గోదాములో హమాలీ పనికి కుదిరాము. విమానాల్లో పోయే సరుకు అక్కడికి వస్తుంది. ఫోర్క్‌లిఫ్ట్ బండి తిరగలేని చోట, లారీలోంచి పెద్ద చెక్కపెట్టెలను చేతులతో దించడం మా పని. మేస్త్రీని నేను. పేరు దశరథం. మూడో తరగతి దాకా చదివాను.

నేను తక్కువ మాట్లాడతాను. పనిలో అసలే మాట్లాడను. పెట్టె మీద అరచేత్తో కొడతాను. రెండు దెబ్బలంటే లేపమని. ఒక దెబ్బంటే కదలమని. మూడంటే ఆగి గట్టిగా పట్టమని. నెత్తిమీద విమానం పోతుంటే పక్కవాడి మాట వినబడదు. దెబ్బ మాత్రం చెక్కలోంచి చేతికి వస్తుంది. అందుకని మాకు అదే అలవాటైంది.

నాలుగేళ్లలో పనిలో రెండుసార్లే అరిచాను. ఒకసారి లారీలో మూటల నడుమ పాము కనిపించినప్పుడు. ఇంకోసారి, పెట్టెకు బిగించిన ఇనుప పట్టీ తెగి ఈశ్వరయ్య ముఖానికి తగిలినప్పుడు. రెండుసార్లూ మావాళ్లు చేతిలో పని వదిలేసి నా ముఖం చూశారు.

ఈశ్వరయ్య నా చెల్లెలు రేణుకమ్మ మొగుడు. ఆ పట్టీతో ఎడమ కన్ను పోయింది. పట్నం దవాఖానలో ఇక చూపు రాదన్నారు. పైకి చూస్తే తెలియదు, కన్ను కన్నులాగే ఉంటుంది. గోదాములో మేం ఎవరికీ చెప్పలేదు. చెబితే మరునాడు గేటు దాటనివ్వరు. అప్పటి నుంచి అతన్ని పెట్టెకు కుడి పక్క వెనుక మూలలోనే నిలబెడుతున్నాను. అక్కడ నిలబడితే ఎడమ పక్కన పెట్టె ఉంటుంది. పెట్టెను చూడాల్సిన పని లేదు, చేతికి తగులుతూనే ఉంటుంది. కుడి పక్క బండ్లు, మనుషులు, గోడలు. అవి మంచి కన్నుకు కనిపిస్తాయి. అట్లా మూడేళ్లు గడిచాయి.

2012 ఎండాకాలంలో కొత్త కాంట్రాక్టరు వచ్చాడు. పాత పాసులన్నీ తీసుకున్నారు. ప్రతి ముఠాకూ నాలుగు రోజులు పాఠం, అయిదో రోజు పరీక్ష. పరీక్షలో మేస్త్రీ ఇంగ్లీషు మాటలతో పని చెప్పాలి, ముఠా ఆ మాట విని పని చేయాలి. పాసైతే ముఠాను ముఠాగానే ఉంచుతారు. లేకపోతే విడగొట్టి, ఒక్కొక్కరిని ఒక్కో ముఠాలో వేస్తారు.

ఆ మాట విన్నాక ఎవరూ ఈశ్వరయ్య వైపు చూడలేదు. వేరే ముఠాలో అతన్ని ఏ మూలలో నిలబెడతారో ఎవరికి తెలుసు. ఒక్కపూటలో బయటపడుతుంది. లేదా ఏ బండి కిందో పడతాడు. వాళ్ల ఇంట్లో పనికి పోయేది అతనొక్కడే.

బయట టీ బండి దగ్గర ఈశ్వరయ్యే అన్నాడు.

"బావా, ఇంగ్లీషు నీకొస్తదా?"

"నేర్పుతరట."

"నీకు తెలుగే సక్కగ రాదు కద, నోరు తెరిస్తే గద."

మిగతావాళ్లు నవ్వారు. నేను టీ తాగాను.

*

పాఠం చెప్పడానికి ప్రియదర్శిని అనే అమ్మాయి వచ్చింది. రాజమండ్రి వైపు పిల్ల. పాతికేళ్లుంటాయి. మమ్మల్ని గారు అని పిలిచేది. అట్లా పిలిస్తే మావాళ్లు ఎవరిని పిలిచిందోనని వెనక్కి తిరిగి చూసుకునేవాళ్లు.

మేం అన్నం తినే రేకుల షెడ్డులో ఆకుపచ్చ బోర్డు పెట్టి అయిదు మాటలు రాసింది. లోడ్, లిఫ్ట్, హోల్డ్, చెక్, స్టాప్.

"ఇవి మీకు తెలిసినవే కదండీ. లోడ్ అంటే ఏమిటి, జగదీశ్ గారూ?"

జగదీశ్ మా అందరిలో చిన్నవాడు. ముప్పయ్యేళ్లు. నోరు ఆగదు.

"లోడ్ అంటే లారీల ఉండేదే మేడం. మా నెత్తిమీద ఉండేది గూడ గదే."

"అది వస్తువు. మరి లారీలోకి ఎక్కించమని చెప్పాలంటే?"

"లోడ్ చెయ్యి అంటం."

"ఇంగ్లీషులో చెయ్యి అక్కర్లేదండీ. ఉత్తగా లోడ్ అంటే చాలు. అదే మాట వస్తువు పేరు, అదే మాట పని." తర్వాత హోల్డ్ కింద గీత గీసింది. "ఇది చూడండి. హోల్డ్ అంటే పట్టుకో. విమానం కడుపులో సామాను పెట్టే అర ఉంటుంది, దాన్నీ హోల్డ్ అంటారు. కస్టమ్స్ వాళ్లు కదపొద్దని పెట్టెకు ఎర్ర కాగితం అంటిస్తారు కదా, దాని మీద రాసేదీ హోల్డే."

"గదేంది మేడం," అన్నాడు జగదీశ్. "ఒక్క మాటతోని మూడు డ్యూటీలు చేపిస్తుండ్రా? ఓవర్‌టైం ఇస్తరా దానికి?"

ఆమె నవ్వింది. "మాట మారదండీ. అది ఎక్కడ నిలబడిందో చూడాలి. ముందర నిలబడితే ఒక పని, వెనుక నిలబడితే ఇంకో పని."

అది నాకు వెంటనే అర్థమైంది. మా ముఠాలోనూ అంతే. ముందు మూలలో నిలబడినవాడు దారి చూస్తాడు. వెనుక మూలలో నిలబడినవాడు బరువు ఆపుతాడు. ఈరోజు నువ్వు, రేపు నేను. పని మనిషిది కాదు, మూలది. ఒక్క ఈశ్వరయ్యకే మూల మార్చం.

నేను అనుకున్నాను గానీ పైకి అనలేదు. ఈశ్వరయ్య మాత్రం అన్నాడు.

"మేడం, మనకు లేవా గసుంటి మాటలు? పట్టు అంటం. పట్టు తప్పింది అంటం."

ఆమె సుద్ద పట్టుకుని ఆగిపోయింది. "అవును కదా. ఇంకా ఉన్నాయా?"

"కట్టు," అన్నాడొకడు. "కాలు ఇరిగితె ఏసేది కట్టు. తాడుతోని కట్టు అంటే పని."

"చుట్టు. తాడు రెండు చుట్లు రావాలె. జర చుట్టు అంటే పని."

"ఒక చుట్టు చుట్టు, కట్టు కట్టు, పట్టు పట్టు," అని జగదీశ్ పాటలాగా అన్నాడు. "గట్లయితే మనకు ఇంగ్లీషు వచ్చినట్టే. పాసు ఇయ్యుండ్రి, పోతం."

షెడ్డంతా నవ్వింది. ఆమె ఆ మూడు మాటలూ బోర్డు మీద తెలుగులో రాసుకుంది. ఆ పూట ఎవరికీ భయం లేదు.

నాలుగో రోజు ఆమె నన్ను నిలబెట్టింది.

"దశరథం గారూ, రేపు మీరే చెప్పాలి. ఒకసారి గట్టిగా అనండి. హోల్డ్."

అన్నాను.

"నాకే వినబడలేదండీ. మేనేజరు గారు అంత దూరాన నిలబడతారు. ఆయనకు వినబడితేనే కాగితం మీద టిక్కు పెట్టగలను."

మళ్లీ అన్నాను. గొంతులోంచి గాలి వచ్చింది. మావాళ్లు తలలు వంచుకుని నవ్వు ఆపుకుంటున్నారు. నాకు సిగ్గేసింది.

"ఇంటికాడ అనుకుంట," అన్నాను.

ఆ సాయంత్రం, ఊరు పోయినవాళ్లకు ఇచ్చిన మా కాలనీ చివరికి వెళ్లాను. అక్కడి భూమంతా ప్లాట్లు చేసి పసుపు రంగు హద్దురాళ్లు పాతారు. మనిషి ఉండడు. ఆ రాళ్ల ముందు నిలబడి లోడ్ అన్నాను, లిఫ్ట్ అన్నాను, హోల్డ్ అన్నాను. మెల్లగా గొంతు లేచింది. ఇరవై ముప్పైసార్లు అరిచేసరికి బాగానే వచ్చింది.

వెనుక నుంచి రేణుకమ్మ వచ్చింది. చేతిలో పాల గిన్నె.

"అన్నా, ఎవలను తిడుతున్నవ్?"

"ఎవల్నీ లేదు. రేపటి పరీక్షకు."

కాసేపు నిలబడింది. "అన్నా, ఆయనను వేరే ముఠాల ఏస్తరా?"

"ఏయరు."

"నువ్వు గట్టిగ అంటే ఏయరు గద?"

"గట్టిగనే అంటున్న కద."

ఆమె వెళ్లిపోయింది. నేను ఇంకో పదిసార్లు అరిచి ఇంటికి పోయాను. ముఠాను పిలుచుకుని వాళ్ల ముందర అరవాలని నాకు తోచలేదు. సిగ్గుపడి రాళ్ల దగ్గర నేర్చుకున్నాను. తప్పంతా అక్కడ జరిగింది.

*

పరీక్షకు ఒక లారీ తెచ్చి గోదాము మూలకు పెట్టారు. లోపల యంత్రం పెట్టె, అయిదు క్వింటాళ్ల పైన ఉంటుంది. లారీ తొట్టి నుంచి నేలకు రెండు మందపు పలకలు వాలుగా వేశారు. పలకల మీద ఇనుప పైపులు పెట్టి, వాటి మీదుగా పెట్టెను దింపాలి. మా రోజువారీ పనే.

మేనేజరు ఇరవై అడుగుల దూరంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ప్రియదర్శిని అట్ట, కాగితాలు పట్టుకుని పలకల కింది కొసకు కొంచెం పక్కగా నిలబడింది.

"అమ్మా, ఇంక జర పక్కకు," అన్నాను.

ఆమె ఒక అడుగు జరిగింది. పైపులు కనిపించాలి కదా రాసుకోవడానికి, అంతకన్నా జరగలేదు.

నేను ఎడమ పక్క ముందు మూల పట్టాను. ఈశ్వరయ్య కుడి పక్క వెనుక మూల. మాకిద్దరికీ మధ్య పెట్టె. మిగతా ఆరుగురు చుట్టూ.

"లిఫ్ట్," అన్నాను. గట్టిగానే వచ్చింది. చెయ్యి ఊరుకోలేదు, దానంతటదే రెండు దెబ్బలు కొట్టింది. పెట్టె ముందు అంచు లేచింది, దాని కిందికి పైపు పోయింది.

మేనేజరు కుర్చీలోంచి అన్నాడు. "చేత్తో కాదు. నోటితో చెప్పు."

"మంచిది సార్."

చెయ్యి తీసి పెట్టె అంచు పట్టుకున్నాను. ఇక కొట్టకూడదని రెండు చేతులూ బిగించాను. పెట్టె కదిలింది. పైపుల మీద పలకల మీదికి వచ్చింది. సగం బరువు వాలు మీదికి దిగింది. అంతవరకూ నేను చెప్పకపోయినా మావాళ్లకు తెలిసిన దారే.

పలకల నడుమకు వచ్చేసరికి ముందు పైపు వంకర తిరిగింది. ఒక కొస పలక దాటి బయటికి వచ్చింది. ఇంకొక్క జానెడు కదిలితే పెట్టె పక్కకు ఒరుగుతుంది. ఆ పక్కనే ఆ పిల్ల కాగితం మీద రాసుకుంటూ తల వంచుకుని ఉంది.

నేను అరిచాను. "హోల్డ్."

ప్లాట్లలో రాళ్ల ముందు అరిచినంత గట్టిగా వచ్చింది. గోదాము రేకులు మోగాయి.

మావాళ్లు తలెత్తి నా ముఖం వైపు చూశారు.

నేను అరిస్తే పామన్నా ఉండాలి, నెత్తురన్నా ఉండాలి. వాళ్లకు అదే తెలుసు. ఏం పాము, ఎవరికి తగిలింది అని చూశారు. జగదీశ్ చేయి పెట్టె మీది నుంచి లేచింది. ఇంకొకడు అర అడుగు వెనక్కి వేశాడు. ఆరుగురి చేతుల్లో పట్టు సడలింది. అది నాకు చెక్కలోంచి తెలిసింది, ఒక్కసారిగా బరువంతా ఇటు ఒరిగినట్టు.

ఒరిగింది, ఆగింది.

ఒక్కచోట నుంచి ఆగింది. కుడి పక్క వెనుక మూల నుంచి. పెట్టె అవతల ఈశ్వరయ్య నాకు కనిపించడు. అతని కాళ్లు మాత్రం పెట్టె కింది సందులోంచి కనిపించాయి. చెప్పులు లేని పాదాలు, తొట్టి ఇనుప రేకు మీద వేళ్లు వంచి తన్నిపట్టి, మెల్లగా జారుతున్నాయి. వేలెడు. ఇంకో వేలెడు.

ఆ పిల్ల తలెత్తింది. పైపు కొస ఆమె మోకాలికి తగిలీ తగలనట్టు ఉంది. ఆమె కదలలేదు. కదలాలని తెలియలేదు కాబోలు.

నేను చెయ్యి విడిపించుకుని పెట్టె మీద కొట్టాను. మూడు దెబ్బలు.

ఎనిమిది మందిమీ ఒక్కసారి పట్టాం. పెట్టె నిలిచింది.

తర్వాత నేను రెండు దెబ్బలు కొట్టి లేపించి, పైపు సరిచేయించి, మళ్లీ ఒక్కొక్క దెబ్బతో పెట్టెను నేలకు దింపించాను. మేనేజరు లేచి నిలబడి ఉన్నాడు, కానీ చేత్తో కాదు అని ఈసారి అనలేదు.

*

పెట్టె దిగాక మావాళ్లు నేల మీద కూలబడ్డారు. ఈశ్వరయ్య పాదాల వేళ్ల దగ్గర తోలు లేచిపోయింది. జగదీశ్ నీళ్ల సీసా తెచ్చి పోస్తున్నాడు.

ప్రియదర్శిని అట్ట గుండెకు ఆనించుకుని వచ్చింది.

"అందరూ వదిలేశారు. మీరొక్కరే ఎలా పట్టుకున్నారండీ?"

ఈశ్వరయ్య నావైపు చూపించాడు. "గాయిన నోటితోని ఏందో అన్నడు మేడం. చెక్క ఏమన్లే. చెక్క అనంది నేనెట్ల ఇడుస్త?"

"మీరు ఆయన వైపు చూడలేదా?"

"చూసుడేంది, నడుమ పెట్టె ఉన్నది గద."

"మిగతావాళ్లకూ పెట్టె అడ్డమే. అయినా తలెత్తి చూశారు. మీరు ఎడమ పక్కకు తలే తిప్పలేదు."

ఈశ్వరయ్య పాదం తుడుచుకున్నాడు. ఆమె ఒక అడుగు అతని ఎడమ పక్కకు వేసి, మాట్లాడకుండా అట్టను అతని చెంప దగ్గరికి తెచ్చింది. జానెడు దూరం. అతను పాదమే చూసుకుంటున్నాడు. రెప్ప కూడా కదలలేదు. జగదీశ్ అది చూసి నీళ్లు పోయడం ఆపాడు.

ఆమె అట్ట తీసేసింది. నన్ను పక్కకు రమ్మంది.

లారీ వెనుక నిలబడ్డాం. ఆమె గొంతు తగ్గించింది.

"ఆయనకు ఎడమ కన్ను కనిపించదు కదండీ?"

మూడేళ్లుగా ఈ మాట ఎవరైనా అడుగుతారని భయపడుతూనే ఉన్నాను. అడిగితే ఊరుకుంటే సరిపోతుందనుకున్నాను. నా అలవాటు అదే. కానీ ఆమె కాగితంలో ప్రతి మనిషికీ ఒక గడి ఉంది. రెండు కళ్లూ బాగున్నాయి అని రాయాలి. నేను ఊరుకుంటే ఆమె ఆ గడిలో ఏం రాస్తుంది? బాగున్నాయని రాస్తే ఆ అబద్ధం ఆమె చేత్తో రాసినట్టవుతుంది.

"కనబడదు," అన్నాను.

ఆమె కళ్లు మూసి తెరిచింది. "అయితే నేను ఆయన్ని పాస్ చేయలేనండీ. ఈ పనిలో రెండు కళ్లూ ఉండాలని రూలు. ఆయనకే ప్రమాదం."

అప్పుడు మాట్లాడాను. అంత పొడుగు నేను నా పెళ్లిలో కూడా మాట్లాడలేదు.

"అమ్మా, నువ్వే చెప్పినవ్ గద. మాట గదే, నిలవడ్డ జాగను బట్టి పని అని. ఈయన గంతే. ముందు మూలకు నిలవెడితే ఈయన గుడ్డోడు. గీ మూలకు నిలవెడితే మాలో ఎవడూ ఈయనంత పట్టలేడు. ఇయ్యాల నువ్వే చూసినవ్. మూడేండ్ల సంది గదొక్క మూలకే నిలవెడుతున్న. మార్చలే. వేరే ముఠాల ఏస్తే వాళ్లకు తెల్వది, యాడనో నిలవెడతరు, గప్పుడు బండి కింద పడతడు. తీసేస్తే ఇంట్ల కూసుంటడు. కన్ను బాగుందని అబద్ధం రాయమంట లేను. ఆ మూల రాయి. గంతే."

ఆమె మోకాలి దగ్గర దుస్తులకు పైపు జిడ్డు అంటుకుని ఉంది. దాన్ని చూసుకుంది.

"ఇంకొకసారి చేయగలరా? మీ మాట వినే చేయాలి."

"చేస్తం."

మావాళ్ల దగ్గరికి పోయాను. "ఇగ నేను గట్టిగ ఒర్రుత. పాము లేదు, ఏం లేదు. నా ముఖం చూడకుండ్రి," అన్నాను.

"గా ముఖం ఎవడు చూస్తడు మేస్త్రీ," అన్నాడు జగదీశ్. కొంచెం నవ్వు వచ్చింది.

"బావా," అన్నాడు ఈశ్వరయ్య, "నువ్వు ఒర్రు, మంచిగ ఒర్రు. కొట్టుడు గూడ కొట్టు. రెండూ చెయ్యొద్దని ఎవడన్నడు?"

మేనేజరు చేత్తో కాదు అన్నాడు కదా అని నేను ఆమె వైపు చూశాను. ఆమె ఆ మాట విననట్టు అటు తిరిగి నిలబడింది.

పెట్టెను మళ్లీ పలకల మీదికి ఎక్కించి మళ్లీ దింపాం. లిఫ్ట్ అన్నాను, రెండు కొట్టాను. హోల్డ్ అన్నాను, మూడు కొట్టాను. ఒకసారి ఎవడో తలెత్తబోయి మళ్లీ దించుకున్నాడు. పెట్టె దిగింది.

మేనేజరు ఆమె చేతిలోంచి కాగితం తీసుకుని చదివాడు. ఒకచోట ఆగాడు.

"ఇదేంటమ్మా? రియర్ రైట్ కార్నర్ ఓన్లీ. ఇట్లాంటి కాలమే లేదు కదా."

"లేదు సార్. నేనే రాశాను. కన్ను సంగతి కూడా కిందే రాశాను, చదవండి."

ఆయన చదివాడు. ఈశ్వరయ్య పాదాల వైపు చూశాడు. మా వైపు చూశాడు. ఎనిమిది మందిమీ నిలబడే ఉన్నాం.

"ఆరు నెలలు," అన్నాడు. "ఆరు నెలల తర్వాత డాక్టరు చూస్తాడు. ఆ మూల దాటితే మేస్త్రీ పాసు కూడా పోతుంది."

"సరే సార్," అన్నాను.

*

పది రోజులకు కొత్త పాసులు వచ్చాయి. మెడలో వేసుకునే తాళ్లతో. ఈశ్వరయ్య తన పాసు నాకిచ్చి చదవమన్నాడు. పేరు కింద ఇంగ్లీషులో ఒక వరస ఎక్కువ ఉంది. నేను ఒక్కొక్క అక్షరం కూడుకుని చదివాను. మూడో మాట కార్నర్ అని వచ్చింది.

"గదేంది బావా? నా పేరా, నేను చేసే పనా?"

"నిలవడే జాగ," అన్నాను.

అతను పాసు కుడి కంటి దగ్గర పెట్టుకుని కాసేపు చూసి, అంగీ లోపల వేసుకున్నాడు.

"ఆర్నెల్లు అయినంక?"

బయట లారీ వెనక్కి వచ్చి ఆగింది. జగదీశ్ పలకలు ఈడుస్తున్నాడు. ఈశ్వరయ్య లేచి లారీ తొట్టిలోకి ఎక్కి, పెట్టెకు కుడి పక్కన, వెనుక మూలకు నడిచి, చెక్క మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.